గోడలు లేవకముందే నియమం రావాలి

హైదరాబాదు పాతనగరంలో దారుష్షిఫా నుంచి పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండల మీదుగా ఫలక్‌నుమా వైపు సాగే రాస్తా రూపం మారిపోతున్నది. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా తలపెట్టిన సుమారు 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గం కోసం 2025 ప్రారంభంలో నష్టపరిహారం చెక్కుల పంపిణీ, ఆ వెంటనే కూల్చివేతలు మొదలయ్యాయి. వందలాది ఇళ్లు, మల్గీలు ముందు భాగం కోల్పోతున్నాయి. ఎవరికెంత పరిహారం అందాలి, ఏ అషూర్‌ఖానా, ఏ మసీదు గోడ తాకకుండా మార్గం వెళ్లాలి అన్న చర్చ చాలా జరిగింది. అది అవసరమైన చర్చే. కాని మరొక ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగడం లేదు. పాత ముఖాలు పోయినచోట కొత్త ముఖాలు ఎలా లేస్తాయి?

ఈ ప్రశ్నకు జవాబు నగరంలోని ఏ వెడల్పు చేసిన రోడ్డు మీద నిలబడినా కనిపిస్తుంది. మిగిలిన ఇరవై ముప్ఫై గజాల ముక్క మీద నాలుగైదు అంతస్తులు నిటారుగా లేస్తాయి. ముందు భాగమంతా అద్దం, లేదా మెరిసే అల్యూమినియం రేకు. దాని మీద అంతస్తంత బోర్డు. పడమటి ఎండ అద్దం మీద పడి లోపల కొలిమి అవుతుంది. దానిని చల్లార్చడానికి బిగించిన ఏసీ మిషన్ల వేడిగాలి దారిన పోయేవారి ముఖానికి కొడుతుంది. నీడ ఉండదు, నడవడానికి పేవ్‌మెంట్ ఉండదు. ఇదంతా ఎవరో దుర్మార్గులు చేస్తున్నది కాదు. నియమం లేనిచోట ప్రతి యజమానీ తన ముక్క వరకే ఆలోచిస్తాడు. అతన్ని తప్పు పట్టలేము.

మన నగరానికి ఇది కొత్త సమస్య కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొన్న తరువాత, అప్పటి ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును నెలకొల్పింది. ఇరుకు బస్తీలను సరిదిద్ది రాస్తాలు వెడల్పు చేయడం దాని పని. ఆ బోర్డు మనకు వదిలి వెళ్లిన వాటిలో పత్థర్‌గట్టి ఒకటి. నయాపూల్ దాటి చార్మినార్ వైపు నడిచేవారు ఈనాటికీ దానిని చూడవచ్చు. కింద మల్గీలు, పైన నివాసాలు, ముందు వరుసగా రాతి కమాన్లు, ఆ కమాన్ల కింద ఎండా వానా తగలకుండా నడిచే దారి. బట్టల కొట్టు, అత్తరు కొట్టు, ఉర్దూ కితాబుల కొట్టు ఎవరిది వారిదే. వ్యాపారం వేరు, యజమాని వేరు, ముఖం మాత్రం ఒక్కటే. దానివల్ల ఏ దుకాణదారుడూ నష్టపోలేదు. నీడ ఉన్నచోట గిరాకీ నిలుస్తుందన్నది వర్తకులందరికీ తెలిసిన సంగతి.

పత్థర్‌గట్టిని ప్రభుత్వమే కట్టింది కదా, ఇప్పుడు కట్టేది ఎవరి ఇల్లు వారే కదా అని కొందరు అనవచ్చు. నిజమే. అందుకే ప్రైవేటు కట్టడాలకు వర్తించే రూపనియమాలు కావాలని మేము అంటున్నాము. జైపూరు బజార్లను చూడండి. 1727లో పునాది పడిన ఆ నగరంలో దుకాణాలు ప్రైవేటువే, అయినా పాత ప్రాకారం లోపల రంగు, రూపం ఒక వరుసలో ఉండాలన్న కట్టుబాటు నేటికీ ఉన్నది. 2019లో ఆ నగరం ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది.

మన దగ్గర నియమాలు అసలే లేవని కాదు. 1995లో ముంబయి తరువాత హైదరాబాదులోనే వారసత్వ కట్టడాల నిబంధనలు వచ్చాయి. పదమూడవ నిబంధనగా పేరుపడిన ఆ నియమాన్ని 2015లో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఇర్రం మంజిల్‌ను కూల్చి శాసనసభ భవనం కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది. చార్మినార్ వంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధమనీ, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రణలో ఉండాలనీ 2010 నాటి కేంద్ర చట్ట సవరణ చెబుతున్నది. ఇవన్నీ గొప్ప కట్టడాలను కాపాడడానికి పుట్టినవి. గొప్ప కట్టడానికీ గొప్ప కట్టడానికీ మధ్య ఉన్న మామూలు ఇళ్ల వరుసను పట్టించుకునే నియమం ఏదీ వీటిలో లేదు. నగరవాసి బతుకు గడిచేది ఆ మామూలు వరుసలోనే.

రూపనియమం అంటే అందం కోసం, టూరిస్టుల కోసం అని చాలామంది అనుకుంటారు. 2025 మే 18 తెల్లవారిన తరువాత గుల్జార్ హౌజ్ వద్ద జరిగిన అగ్నిప్రమాదం ఆ భ్రమను తొలగించాలి. ఒకే కుటుంబానికి చెందిన 17 మంది, వారిలో 8 మంది పిల్లలు, ప్రాణాలు కోల్పోయారు. కింద దుకాణాలు, పైన నివాసం. లోపలికి సొరంగం వంటి ఒకే దారి, పైకి ఇరుకైన ఒకే మెట్లవరుస. మనలో ఎన్ని ఇళ్లు సరిగ్గా ఇలాగే ఉన్నాయో ప్రతి కుటుంబం ఒక్కసారి తన మెట్ల వైపు చూసుకుంటే చాలు. మెట్ల వెడల్పు, రెండవ దారి, వీధి వైపు తెరుచుకోగల కిటికీ కూడా కట్టడం రూపంలో భాగమే. ఇంటి ముఖాన్ని అద్దంతో, బోర్డుతో, ఇనుప జాలీతో పూర్తిగా మూసివేస్తే మంటల్లో చిక్కిన మనిషికి ఊపిరి ఎక్కడ?

పాతనగరంలో మరొక చిక్కు ఉన్నది. ఒకనాటి దేవిడీలు వారసుల మధ్య పంపకమై, సెహన్‌లో గోడలు లేచి, వందల గజాల ఇల్లు నలభై గజాల ముక్కలైపోయింది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తమ తమ వాటా తీసుకోవడం హక్కు. కాని వాటాతో పాటు గాలినీ వెలుతురునూ పంచుకోవడం మనం మరిచిపోయాము. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతి అవసరం లేకుండా, రిజిస్ట్రేషన్ చాలునన్నది. పేదవారికి అది మేలే. కాని అక్కడ నక్షా చూసి సలహా చెప్పేవారు ఎవరూ ఉండరు. అందరికంటే ఎక్కువగా సలహా అవసరమైనది ఆ ఇంటివారికే.

"నా జాగా, నా ఇల్లు, నా ఇష్టం" అన్న మాట మన సమాజంలో తరచు వినిపిస్తుంది. పొరుగువాని హక్కు గురించి శుక్రవారం ప్రసంగాల్లో వినే మనకు ఈ మాట ఎంతవరకు తగును? మన పూర్వ న్యాయశాస్త్రం గోడ, తూము, కిటికీలను చిన్న విషయాలుగా చూడలేదు. 14వ శతాబ్దంలో ట్యూనిస్ నగరానికి చెందిన ఇబ్నుర్రామీ అనే తాపీమేస్త్రీ ఖాజీల వద్ద నిర్మాణ తగాదాలలో నిపుణుడిగా పనిచేసి, ఉమ్మడి గోడలు, మురుగుదారులు, కిటికీల గురించి ఒక ప్రత్యేక గ్రంథమే రాశాడు. 19వ శతాబ్దంలో ఉస్మానీ సామ్రాజ్యం కూర్చిన మజల్లా న్యాయస్మృతి, పక్కింటి స్త్రీలు మసలే చోటు కనిపించేలా కిటికీ పెట్టడాన్ని తీవ్రమైన హానిగా లెక్కించింది. ఒకరి నిర్మాణం మరొకరికి హాని కారాదన్న సూత్రం మీద నగరాలు నిలిచాయి. ఈనాడు అధికారులు దానిని డిజైన్ గైడ్‌లైన్స్ అంటున్నారు. పేరు కొత్తది, సంగతి పాతది.

అయితే నియమం ఎలా ఉండాలి? మా దృష్టిలో అది పది పన్నెండు వాక్యాలకు మించరాదు. కమాను, పేవ్‌మెంట్‌కు చోటున్న స్థలాల్లో కింది అంతస్తు ముందు నీడగల నడకదారి వదలాలి; చోటు లేనిచోట అందరి ఛజ్జా ఒకే ఎత్తులో రావాలి. మెట్లు నాలుగు అడుగులకు తగ్గరాదు. మొదటి అంతస్తు పైన ప్రతి అంతస్తుకూ వీధి వైపు తెరుచుకునే మార్గం ఉండాలి. ముఖభాగంలో అద్దం సగానికి మించరాదు. బోర్డు దుకాణం తలుపు పైన నిర్ణీత ఎత్తులోనే ఉండాలి. నీళ్ల ట్యాంకు, పైపులు, ఏసీ పెట్టెలు వీధి ముఖం మీద కనిపించరాదు. వాన నీరు పొరుగు గోడ మీద పడరాదు. పాత మసీదు మీనార్లు, కమాన్లు దూరం నుంచి కనిపించే దారిని ఎత్తైన కట్టడం మూయరాదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసిన కమాన్లు, సిమెంటు గుమ్మటాలు అతికించి "వారసత్వం" అనిపించుకోవడం నియమం కారాదు. మన పెద్దల ఇళ్లలో నేర్చుకోవలసింది ఆకారం కంటే ముందు తెలివి: మందమైన గోడ, లోతైన ఛజ్జా, గాలి తిరిగే సెహన్. కొత్త ఇల్లు కొత్తదిగానే కనిపించవచ్చు. దాని నీడ మాత్రం వీధికి అందాలి.

వ్యతిరేకించేవారి భయాలు మాకు తెలుసు. మొదటిది, కొత్త నియమం కొత్త లంచానికి దారి అవుతుందని. ఈ భయం ఊరకే పుట్టింది కాదు. అందుకే టేపు పెట్టి కొలవగలిగిన నియమం మాత్రమే ఉండాలి. "పరిసరాలకు అనుగుణంగా" వంటి సాగే మాటలు ఉంటే వాటి అర్థం దఫ్తర్‌లో కూర్చున్నవాడే చెబుతాడు. గడువులోగా అధికారి జవాబు ఇవ్వకపోతే అనుమతి వచ్చినట్లే లెక్క కావాలి. రెండవ భయం ఖర్చు. పరిహారం డబ్బుతో గోడ కట్టుకోవడమే కష్టమైన కుటుంబాన్ని రాతి కమాను కట్టమనడం అన్యాయం. కాబట్టి ముప్ఫై, యాభై, వంద గజాల స్థలాలకు తగిన సిద్ధ నక్షాలను ప్రభుత్వం ఉచితంగా ఇవ్వాలి. నడకదారి కోసం వదిలిన ప్రతి అడుగుకూ బదులు చెల్లించాలి. రోడ్డు వెడల్పులో స్థలం ఇచ్చినవారికి బదలాయించదగిన నిర్మాణ హక్కు ఇచ్చే పద్ధతి నగరంలో అమలులో ఉన్నదే; దానిని ఇక్కడికీ వర్తింపజేయడానికి అడ్డేమిటి?

మూడవది భాష. నియమాల ముసాయిదా ఉర్దూ, తెలుగు రెండింటిలో, బొమ్మలతో, మామూలు మేస్త్రీ చదివి అర్థం చేసుకునేలా రావాలి. దానిని మొహల్లాలలో చదివి వినిపించాలి. వంటగది పొగ, మెట్ల ఇరుకు, పర్దా ఇబ్బంది ఎక్కువగా అనుభవించేది స్త్రీలే గనుక వారి మాట వినకుండా నియమం పూర్తి కారాదు. పాతనగరం అభివృద్ధి కోసం కులీ కుతుబ్ షా పేరిట ఒక సంస్థ ఉన్నది. ఈ పని తలకెత్తుకోవడం ఆ పేరుకు గౌరవం.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా? మసీదు కమిటీల కింద వరుస మల్గీలు ఉన్నాయి. ఆ కమిటీలు తమ మల్గీల బోర్డులను, ఛజ్జాలను ముందుగా ఒక వరుసలోకి తేవచ్చు. ఒకే గల్లీలో కూల్చివేతకు గురైన నలుగురు యజమానులు కలిసి ఒకే మేస్త్రీతో, ఒకే ఎత్తులో, ఒకే నడకదారితో కట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది. కర్నూలు, కడప, ఆదోని పాత బజార్లలో రేపు రోడ్డు వెడల్పు వచ్చినా ఇదే పద్ధతి పనికివస్తుంది.

సోదర సోదరీమణులారా! ఇల్లు మన సొత్తు, కాని ఇంటి ముఖాన్ని రోజూ చూసేది, దాని నీడలో నడిచేది పరులు. పునాది తవ్విన తరువాత వచ్చే నియమం తగాదా తెస్తుంది; ముందే వచ్చిన నియమం వీధిని నిలబెడుతుంది. దారుష్షిఫా రాస్తాలో కొత్త పునాదులు ఇంకా చాలా పడవలసి ఉన్నది. ఈ అదను దాటిపోతే మరో వందేళ్లు మన పిల్లలు అద్దాల వేడిలో నడవవలసి వస్తుంది.