గోదారి నిండా నీళ్లున్నా కుళాయికి కోత ఎందుకు?

గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే ఒడ్డున ఉన్న ఊళ్లలో కుళాయిలు సన్నబడతాయి. నది నిండుగా పారుతుంటే నీళ్లివ్వరేంటని మీకు చిరాకు రావడం సహజమే. చాలాసార్లు అసలు కారణం బురద.

ఒక చిన్న లెక్క చూడండి. వెయ్యి లీటర్ల సముద్రపు నీటి నుంచి ఉప్పు తీయాలంటే, ఎంత గొప్ప యంత్రం పెట్టినా, దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాల్సిందే. భౌతికశాస్త్రం అంతకంటే తగ్గనివ్వదు. అదే మట్టి తీయడానికి? సిద్ధాంతపరంగా దాదాపు సున్నా. ఉప్పు కరిగిపోతుంది, మట్టి కరగదు. అడుగుకు చేరడమే దాని స్వభావం.

కానీ ఎప్పటికి చేరుతుంది? సన్న ఇసుక రేణువు మీటరు లోతు దిగడానికి రెండు నిమిషాలు చాలు. ఒక మైక్రాన్ బంకమట్టి రేణువుకు పది రోజులు దాటుతుంది. పైగా ఈ రేణువుల మీద ఋణావేశం ఉంటుంది. దగ్గరకొస్తే ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి, ముద్దకట్టవు. ఆ తోపులాటను ఆపేదే పటిక. మన పెద్దలు బిందెలో చిల్లగింజ అరగదీసిందీ ఇందుకే.

నీటిశుద్ధి కేంద్రంలో ట్యాంకుల సైజు మారదు. బురద పెరిగితే పటిక ఎక్కువ పడుతుంది, ఇసుక ఫిల్టర్లు తొందరగా పూడుకుపోతాయి, వాటిని కడగడానికి శుద్ధి చేసిన నీళ్లే వాడాలి. తేరడానికి టైమివ్వాలంటే నది నుంచి తోడే నీళ్లు తగ్గించాలి. అదే మీకు కనిపించే కోత. నాగార్జునసాగర్ లాంటి పెద్ద జలాశయం నుంచి నీళ్లు తెచ్చుకునే హైదరాబాద్‌కు ఈ తిప్పలు తక్కువే, చాలా మట్టి అక్కడే దిగిపోతుంది.

కోత లేకుండా అలాగే వదిలేస్తే? మట్టి రేణువుల చాటున ఉన్న క్రిములను క్లోరిన్ సరిగా అందుకోలేదు. తాగునీటి మసక 1 ఎన్‌టీయూ దాటకూడదని, వేరే ఆధారం లేకపోతేనే 5 వరకు ఫర్వాలేదని మన బీఐఎస్ ప్రమాణం. కాబట్టి మీ మున్సిపాలిటీని నిలదీయాల్సింది కోత గురించి కాదు, ఈ ఎన్‌టీయూ అంకె రోజూ ఎంత ఉందో చెప్పమని.

ఇంట్లో అయితే ముందు తేర్చి, గుడ్డతో వడకట్టి, ఆ తర్వాతే కాచుకోండి. మసక నీళ్లను నేరుగా ఆర్‌వోకు పెడితే ఫిల్టర్ త్వరగా పాడవుతుంది. నీళ్లు మురుగు వాసన వస్తుంటే మాత్రం అది నది బురద కాకపోవచ్చు, ఎక్కడో పైపు పగిలి మురుగు కలిసి ఉండొచ్చు. అప్పుడు పటిక వేసి సరిపెట్టుకోకండి. ఆ నీళ్లు తాగడం ఆపి వెంటనే ఫిర్యాదు చేయండి.