నక్షత్రముల పుట్టుక: తెలిసినదియు తెలియనిదియు

తెలిసినదానిని బోధించుట విద్య. తెలియనిది యెచ్చట మొదలగునో చూపుటయు విద్యయే యని మా యభిప్రాయము. పరీక్షలకై చదువు మన పిల్లలు శాస్త్రమనగా ముగిసిన గ్రంథమని తలంచుచున్నారు. అది సరికాదనుటకు నక్షత్రముల పుట్టుకయే దృష్టాంతము.

మాఘమాసపు రాత్రి మొదటి జామున కళింగపట్టణపు సముద్రతీరమున నిలిచి పైకి చూచినయెడల, ఒక్క వరుసలో మూడు చుక్కలును, వాని క్రింద మసకగా నొక వెలుగును కానవచ్చును. అది ఓరియన్ నీహారిక. వాయువును ధూళియును గల మేఘము. నేడు మన కంటబడు దాని వెలుగు నన్నయభట్టు భారతమునకు ఎంతో పూర్వమే, సుమారు 1,300 ఏండ్ల క్రిందట, బయలుదేరినది. అచ్చట నేటికిని నక్షత్రములు పుట్టుచున్నవి.

ఇట్టి మేఘములలో దట్టమైన భాగములు మిక్కిలి చల్లనివి. అందొక భాగము తన బరువుచేతనే లోనికి క్రుంగును. క్రుంగినకొలది నడుమ వేడి పెరుగును. ఆ వేడి సుమారు కోటి డిగ్రీలకు చేరగా హైడ్రోజను హీలియముగా మాఱసాగును, నక్షత్రము స్థిరపడును. మన సూర్యుడును సుమారు 460 కోట్ల యేండ్ల క్రిందట ఇట్లే పుట్టెను.

ఈ జ్ఞానమునకు మన తెలుగుదేశమును తోడ్పడినది. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి పండితుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. ఆ గ్రహణమున పరిశీలకులు సూర్యకాంతియందు పసుపుపచ్చని గీత నొకదానిని గుర్తించిరి. అది యెఱిగిన యే మూలకమునకును సరిపడలేదు. అదే హీలియము. 1895లో రామ్సే దానిని భూమిమీద కనుగొనెను. 1939లో హాన్స్ బేతే హైడ్రోజను హీలియముగా మాఱుటచేతనే నక్షత్రములు వెలుగుచున్నవని వివరించెను.

అయినను మేఘమందలి వాయువులో కొలదిభాగమే యేల నక్షత్రములగుచున్నది? సుడులు, అయస్కాంతబలము, క్రొత్త నక్షత్రముల వేడిమి, వీనిలో దేని పాలు ఎంత? చిన్నవి పెక్కును పెద్దవి కొన్నియు పుట్టుట యేల? మొట్టమొదటి నక్షత్రము లెట్టివి? 2021లో నింగికి పంపబడిన జేమ్స్ వెబ్ దూరదర్శిని ధూళి లోపలికి చూచుచున్నను, పండితులకు ఏకాభిప్రాయము కుదురలేదు.

1840లో గోడే వేంకట జగ్గారావు గారు విశాఖపట్టణమున స్వంత వేధశాలను నెలకొల్పిరి. అది యందఱికిని సాధ్యము కాదు. కాని పిల్లలడుగు ప్రశ్నకు, ఇది ఇంకను ఎవరికిని తెలియదని నిజము చెప్పుటకు ఉపాధ్యాయులును తల్లిదండ్రులును సంకోచింపరాదు. 1868 నాటి పసుపుగీత యర్థము పూర్తిగా తేటపడుటకు డెబ్బది యేండ్లు పట్టెను. నేటి ప్రశ్నలకు బదులు చెప్పగల బాలుడో బాలికయో మన బడిబల్లలమీదనే కూర్చుండి యుండవచ్చును.