కోతుల వైరస్‌లు – రక్త పరీక్షలు



ఆఫ్రికా కోతులలో ఉండే ఆర్టెరివైరస్‌లను గూర్చి 2022లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఒక హెచ్చరిక చేసిరి. కోతులకు రక్తస్రావ జ్వరం తెచ్చే వైరస్ ఒకటి మానవ కణములలో కూడ ప్రవేశించి పెరుగగలదని వారు ప్రయోగశాలలో చూపిరి. మనుష్యులకు అది సోకినట్లు అప్పటికి దాఖలా లేదు. అయినను యాంటీబాడీ పరీక్షలను ముందుగానే సిద్ధపరచి, కోతులతో దగ్గరగా మెలగువారి రక్తమును చూచుట మంచిదని వారి సూచన.

రాని జబ్బుకు పరీక్ష ఎందుకని కొందరు అడుగవచ్చును. ఎయిడ్స్ చరిత్రయే దీనికి సమాధానము. దాని మూలం ఆఫ్రికా చింపాంజీలలోని వైరస్. జబ్బు 1981లో బయటపడినది. రక్త పరీక్ష 1985లో వాడుకలోకి వచ్చినది. కాని 1959లో కాంగోలో తీసి దాచిన రక్తములో దాని జాడ తరువాత దొరకినది. అనగా లోకము గుర్తించుటకు 22 ఏండ్ల ముందే అది జనులలో ఉన్నది! మద్రాసులో 1986లో డాక్టర్ సునీతి సోలొమన్ గారు పూనుకొని చేయించిన పరీక్షల వల్లనే మన దేశమునకును అది వచ్చినదని తెలిసినది.

మన ఇరుగుపొరుగుననే ఇట్టి మరొక వ్యాధి కలదు. శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో కోతులు వరుసగా చచ్చిన తరువాత కనుగొన్న కోతి జ్వరము, కన్నడిగులు మంగన కాయిలె అనునది. ఇది కోతికి, మనిషికి కూడ పిడుదుకాటు వలన సోకును. మనిషి నుండి మనిషికి అంటదు. 2012లో బండీపురమునందు, 2016లో మహారాష్ట్రలోని సింధుదుర్గమునందు కనిపించినది.

కావున ప్రభుత్వములకు నా మనవి యేమనగా, కోతులు చచ్చువరకు ఆగక, అడవి అంచు గ్రామములలో ఏటేట కొందరి రక్తమును పరీక్షించి, తేదీలతో సహా లెక్కలు తాలూకా ఆసుపత్రిలో భద్రపరచవలెను. నిరుటి లెక్క ప్రక్కన ఈ ఏటి లెక్క ఉన్నప్పుడే వ్యాధి ఏ దిక్కునకు నడచుచున్నదో తెలియును. దగ్గరి జాతి వైరస్‌ల యాంటీబాడీలు ఒక్కొకప్పుడు ఒకదానినొకటి పోలియుండును గనుక ఒక్క పరీక్షతో తేల్చక, రెండవ పరీక్షతో రూఢి చేయవలెను.

అంతకన్న ముఖ్యము, రక్తమిచ్చినవానికి ఫలితమును వాని భాషలో చెప్పుట. ఐజీఎం అను యాంటీబాడీ ఈమధ్య సోకినదానికి గుర్తు. ఐజీజీ ఎప్పుడో సోకి పోయినదానికిని గుర్తు కావచ్చును. ఐజీజీ మాత్రమే ఉన్నంతమాత్రమున వాడు రోగి కాడు. ఇది చెప్పకపోయిన చీటీ చూచినవారు వానిని పనికి పిలువరు, ఇంటికి రానీయరు. ఎయిడ్స్ విషయమున జబ్బుకన్న జనుల భయమే ముందు నడచినది. అట్లయిన మరుసటి ఏడు ఎవరును చేయి చాచి రక్తమీయరు. పేర్లు గుప్తముగా ఉంచుట అందుకే అవసరము.

తోటపనులకు, కట్టెలకు అడవికి పోవు మన తెలుగు కుటుంబములవారు కూడ, పరీక్షకు పిలిచినప్పుడు జంకక ముందుకు రావలెనని కోరుచున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శివమొగ్గ