గట్టు మీది చెట్టు ఎవరిది?

ఏటా తొలకరి పడగానే నర్సరీల నుంచి లారీలు బయల్దేరతాయి. పంచాయతీ ఆఫీసు ముందు మొక్కలు దించుతారు, రైతులను పిలిచి తలా ఇన్నని పంచుతారు, రిజిస్టర్‌లో అంకె రాసుకుంటారు. ఈ పని వెనక ఒక గట్టి నమ్మకం ఉంది. చిన్న రైతు పొలంలో చెట్లు లేకపోవడానికి కారణం మొక్కలు అందకపోవడమేనని, చెట్టు విలువ అతనికి తెలియకపోవడమేనని ఆ నమ్మకం. ఉచితంగా మొక్కలిచ్చి, నాలుగు మాటలు చెప్పి అవగాహన కల్పిస్తే బీడుపడిన నేల కోలుకుంటుందని, రైతుకు పంటతోపాటు రెండో ఆదాయం చేరుతుందని చెబుతారు. ప్రభుత్వాలది ఇదే మాట. స్వచ్ఛంద సంస్థలది, పెద్ద కంపెనీల సేవా విభాగాలది, కొత్తగా వచ్చిన కార్బన్ క్రెడిట్ల వ్యాపారులదీ ఇదే మాట. ఇంతమంది ఒప్పుకున్న ఈ మాట తప్పని నేనంటాను. పేద రైతు కష్టాన్ని, నీటిని, కాలాన్ని ఏటా వృథా చేస్తున్న తప్పు ఇది.

తెలంగాణనే చూడండి. 2015లో ప్రభుత్వ మొక్కల పథకం హరితహారం మొదలైనప్పుడు పెట్టుకున్న లక్ష్యం 230 కోట్ల మొక్కలు. మొక్కల గురించి అంత పెద్దగా ఆలోచించిన రాష్ట్రాలు దేశంలో తక్కువ. అవే ఏళ్లలో పొలాల్లో ఏం జరిగిందో 2024లో 'నేచర్ సస్టెయినబిలిటీ' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల్లో మన దేశపు పొలాల్లోని చెట్లను ఒక్కొక్కటిగా గుర్తించారు. 2010-11లో కనిపించిన పెద్ద చెట్లలో దాదాపు 11 శాతం 2018 నాటికి లేవు. 2018 నుంచి 2022 లోపు మరో 50 లక్షలకు పైగా పెద్ద చెట్లు పోయాయి. నష్టం తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లో తెలంగాణ, మహారాష్ట్ర ముందున్నాయి. కొత్తగా నాటిన చిన్న మొక్కలు ఈ లెక్కలోకి రావు నిజమే. కానీ చేను నడుమ ముప్పై ఏళ్లు నిలబడిన వేపకు రోడ్డు పక్కన నాటిన మొక్క ఏ రకంగానూ బదులు కాదు. చేనుకు రాలే ఆకు, మేకలకు దొరికే మేత, పొయ్యికి దొరికే కట్టె, ఎండకు నిలిచే తేమ రోడ్డు పక్క మొక్క నుంచి రైతుకు రావు.

ఆ చెట్లు ఎందుకు పోయాయి? రైతులకు చెట్టు విలువ తెలియకనా? అధ్యయనం చేసినవాళ్లు రైతులను అడిగితే వచ్చిన జవాబు సూటిగా ఉంది. బోరు వేశాం, వరి పెట్టాం, నీడకు పంట తగ్గుతోంది, చెట్టు వల్ల మాకు వచ్చేది పెద్దగా లేదు. 2018 జనవరి నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. వడ్లను మద్దతు ధరకు కొనే కేంద్రం ఊళ్లోకే వచ్చింది. దుక్కి ట్రాక్టరుది, కోత మిషనుది అయ్యాయి. ఎడ్ల నాగలి చెట్టు మొదలు చుట్టి పోయేది. మిషను అలా తిరగదు, తిప్పితే గంటల లెక్కన బాడుగ పెరుగుతుంది. ఇన్ని వైపుల నుంచి తోపుడు వస్తుంటే రైతు లెక్క వేసుకుని వేపను కొట్టించాడు. అతని లెక్కలో తప్పు లేదు. ఒక చేత్తో వరికి నీళ్లు, కరెంటు, ధర ఇచ్చి, చెట్టుకు ఏమీ ఇవ్వకుండా, మరో చేత్తో మొక్క చేతిలో పెట్టి పర్యావరణ పాఠం చెప్పిన విధానంలో ఉంది తప్పు.

వెనకటి చెలకల్లో చెట్లు ఎవరూ నాటినవి కావు. వేప, తుమ్మ, మోదుగ, రేగు, చింత, జమ్మి వాటంతటవే మొలిచాయి. రైతు చేసిందల్లా వాటిలో పనికొచ్చేవాటిని దున్నేటప్పుడు వదిలేయడం, ఏటా కొమ్మలు కొట్టి పైకి పెంచడం. తుమ్మ నాగలికి, బండికి కర్ర ఇచ్చింది. కాయలు మేకలు తిన్నాయి. కోస్తా గట్ల మీది కానుగ రొట్ట దమ్ములో తొక్కి నాట్లు వేసేవాళ్లు. యూరియా బస్తా రాకముందు ఆ ఆకే మడికి ఎరువు. తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి. ఏటా దసరాకు దాని ఆకును బంగారమని చేతుల్లో పెట్టుకుంటాం. అదే చెట్టు రాజస్థాన్ ఎడారి పొలాల్లో ఖేజ్రీ పేరుతో సజ్జ చేను నడుమ వరసలేమీ లేకుండా నిలబడి ఉంటుంది. వేరు లోతుకు పోయి అడుగు నీటిని వెతుక్కుంటుంది, పైపొరలో పైరుతో పెద్దగా పోటీ పడదు. చలికాలంలో కొమ్మలు కొట్టి ఆకు ఎండబెట్టి పశువులకు దాచుకుంటారు. కాయలు కూరకు. కరువు ఏడాది సజ్జ పోయినా ఆ చెట్టు ఇంటిని, పాడిని నిలబెడుతుంది. మన చెలకల్లో జమ్మి ఎక్కడుందో వెతుక్కోవాల్సిన రోజు వచ్చింది.

నీడ వల్ల పంట తగ్గుతుందన్న రైతు మాటను కొట్టిపారేసే వాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. చెట్టును ప్రేమించేవాళ్లు చాలామంది ఈ నిజాన్ని దాటేస్తారు. గట్టు మీద జామాయిల్ వేస్తే పక్క చేనువాడి పైరు నాలుగు సాళ్లు ఎండిపోతుంది, పంచాయితీ ఊరి రచ్చకెక్కుతుంది. వరి మడిలో నిండు నీడ గింజను తగ్గిస్తుంది. వీటిని దాచి "చెట్టు ఎప్పుడూ మంచిదే" అంటే రైతు మనల్ని నమ్మడు, నమ్మకూడదు కూడా. ఏ చెట్టు, ఏ నేలలో, ఏ పంటలో, ఎన్ని, కొమ్మ ఎప్పుడు కొట్టాలి అన్నవి ప్రతి చేనుకూ వేరు. ఆ నిర్ణయం రైతుది కావాలి. జిల్లా కేంద్రంలో టేకు మొక్కలు ఎక్కువున్నాయని ఊరంతటికీ టేకే పంచితే అది వ్యవసాయ అడవి కాదు, నర్సరీ ఖాళీ చేయడం.

ఇక్కడ పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్ గురించి చెప్పాలి. అనంతపురం కన్నా ఎండ ఎక్కువ, వాన తక్కువ, ఇసుక ఎక్కువ ఉన్న దేశం. 1980ల మొదట్లో ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో మరాడీ ప్రాంతంలో మొక్కలు నాటించే పనిలో ఉండేవాడు. నాటినవాటిలో చాలా భాగం ఎండకు, గాలికి, మేకలకు పోయాయి. చివరికి అతను గమనించింది ఏమిటంటే, పొలాల్లో అక్కడక్కడా పొద అనుకుంటున్నది పొద కాదు, నరికేసిన చెట్టు మొదలు. కింద వేరు బతికే ఉంది. ఏటా పిలకలు వేస్తోంది, ఏటా దున్నేటప్పుడు రైతు వాటిని కొట్టేస్తున్నాడు. ఒక మోడుకు నాలుగైదు పిలకలు ఉంచి మిగతావి తీసేసి, కింది కొమ్మలు కత్తిరిస్తూ పోతే కొన్నేళ్లలో చెట్టవుతుంది. నర్సరీ లేదు, నీళ్లు పోసే పని లేదు. రెండు దశాబ్దాల పైచిలుకు కాలంలో ఈ పద్ధతి దక్షిణ నైజర్‌లో సుమారు 50 లక్షల హెక్టార్లకు పాకింది. దాదాపు 20 కోట్ల చెట్లు లేచాయి. ఉపగ్రహ చిత్రాల్లో ఆ పచ్చదనం చూసి బయటి ప్రపంచం ఆశ్చర్యపోయే నాటికి రైతులు దాన్ని ఊరి నుంచి ఊరికి చేర్చేశారు. వాళ్లు ముఖ్యంగా కాపాడుకున్న గావో అనే చెట్టు వానాకాలంలో ఆకు రాల్చి, ఎండాకాలంలో ఆకు తొడుగుతుంది. జొన్న, సజ్జ ఎదిగే రోజుల్లో నీడ ఉండదు, నేలకు నత్రజని చేరుతుంది. పశువులకు మేత లేని నెలల్లో కాయలు దొరుకుతాయి.

ఈ కథను మన దగ్గర ఒక సాంకేతిక పద్ధతిగా చెప్పి ఆపేస్తారు. అసలు సంగతి దాని తర్వాత ఉంది. ఫ్రెంచి వలస పాలన నుంచి వచ్చిన చట్టం ప్రకారం నైజర్‌లో చెట్టు ప్రభుత్వానిది. తన చేనులో తాను పెంచిన చెట్టు కొమ్మ కొట్టినా అటవీ సిబ్బంది జరిమానా వేసేవాళ్లు. అలాంటప్పుడు పిలకను పిలకగానే కొట్టేయడం రైతుకు క్షేమం. 1980ల నడిమి నుంచి ఆ పట్టు సడలింది. తన చేను చెట్టును తాను కోసుకోవచ్చు, అమ్ముకోవచ్చు అన్న ధీమా వచ్చాకనే పిలకలు చెట్లయ్యాయి. 2020లో ఆ దేశ ప్రభుత్వం రైతుల ఈ పద్ధతికి డిక్రీతో గుర్తింపు ఇచ్చింది. అప్పటికి చెట్లు ఎదిగి ముప్పై ఏళ్లు దాటింది.

మన దగ్గర? గంధపు చెట్టు మైసూరు రాజ్యంలో ప్రభువుల సొత్తు. ఎవరి చేనులో మొలిచినా రాజ్యానిదే. ఆ రివాజు స్వతంత్రం వచ్చాక కూడా సాగి, 2001లో గానీ కర్ణాటక చట్టం మార్చి భూమి యజమానికి చెట్టు మీద హక్కు ఇవ్వలేదు. అందాకా గంధం మొక్క కనబడితే రైతు పీకేయడంలో వింతేముంది? తెలుగు రాష్ట్రాల్లో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద సొంత పొలంలో చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, తరలించాలంటే మరో అనుమతి. సరుగుడు, సుబాబుల్, జామాయిల్ లాంటి కొన్నింటికి మినహాయింపు ఉంది. ఫలితం ఏమైందో ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కళ్లారా చూశాం. మినహాయించిన చెట్లే లక్షల ఎకరాల్లో లేచాయి. అవగాహన సదస్సులు పెట్టి వాటిని వేయించిన వాళ్లు లేరు. కోసుకోవచ్చన్న భరోసా, కాగితం మిల్లుల గిరాకీ చాలాయి. తర్వాత ధర పడిపోయి అవే జిల్లాల రైతులు గిట్టుబాటు కోసం రోడ్డెక్కారు. మన అనుమతుల పద్ధతి వేపను, చింతను కాపాడలేదు, రైతును ఒకే రకం కర్ర తోటలోకి, కొద్దిమంది కొనుగోలుదారుల చేతుల్లోకి నెట్టింది. మన దేశం 2014లోనే జాతీయ వ్యవసాయ అటవీ విధానం తెచ్చింది. అలాంటిది తెచ్చిన మొదటి దేశం మనదే. అనుమతుల చిక్కు విప్పాలని అందులోనే రాసుకున్నాం. పదేళ్లు దాటింది.

అనుమతులు ఎత్తేస్తే ఉన్న చెట్లు కూడా కొట్టేస్తారని అధికారులు భయపడతారు. ఆ అనుమతులన్నీ ఉండగానే 50 లక్షల చెట్లు పోయాయని వాళ్లకు గుర్తుచేయాలి.

హక్కు ఒక్కటే చాలని కూడా నేననను. ఎండిపోయిన నేలలో కొత్త చెట్టు కావాలంటే మొదటి మూడు ఎండాకాలాలు ఎవరో భరించాలి. మొక్కల పథకాల డబ్బు వానాకాలంలో వస్తుంది, మొక్క చచ్చేది ఏప్రిల్‌లో. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో ఈ సంగతి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏటా వేరుశెనగే వేసి అలసిపోయిన ఎర్రనేలల్లో ఉపాధి హామీ కింద పండ్లతోటలు పెట్టినప్పుడు, గుంత తవ్వకం నుంచి మూడేళ్ల సంరక్షణ దాకా రైతుకే కూలి కట్టారు. నీళ్లు పోసినందుకు, కంచె వేసినందుకు, కాపలా కాసినందుకు డబ్బు. బిల్లులు సకాలంలో వచ్చినచోట మామిడి నిలబడింది. గుజరాత్‌లోని వాంస్దాలో 1982లో బైఫ్ సంస్థ మొదలుపెట్టిన 'వాడీ' కూడా ఇదే చెప్పింది. కుటుంబానికి ఎకరం, పండ్ల చెట్లు, గట్ల మీద అడవి చెట్లు, వరసల మధ్య తిండి పంట, అన్నేళ్లూ చేయూత. నాబార్డు దాన్ని మన మన్యానికి కూడా తెచ్చింది. ఈ పనులకు ఖర్చు ఎక్కువ, అంకె చిన్నది. అందుకే వీటికి పోస్టర్లు పడవు.

అరకు, పాడేరు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన ఎదిగిన కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగ గిరిజన కుటుంబాలకు నిజమైన ఆదాయం ఇచ్చాయి. అక్కడా కాఫీ కాపుకొచ్చే మూడు నాలుగేళ్లు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ తోడుండబట్టే నిలిచింది. చెట్టు ఇచ్చే పంటకు కొనేవాడు ఉండబట్టే మిగిలింది.

కార్బన్ వ్యాపారుల గురించి ఒక్క మాట చాలు. ఇరవై, ముప్పై ఏళ్లు చెట్టు కొట్టనని రైతు సంతకం పెట్టాలి, ధర ఎంతో, ఎప్పుడు వస్తుందో అవతలివాళ్లు తేలుస్తారు. ఇది చెట్టును మళ్లీ రైతు చేతి నుంచి తీసుకోవడమే.

ఇంతదాకా సొంత భూమి ఉన్న రైతు గురించే మాట్లాడాను. దేశంలో 86 శాతం కమతాలు రెండు హెక్టార్ల లోపువే. ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం ఒక హెక్టారుకు కూడా చేరదు. అందులోనూ దున్నేవాడు చాలాచోట్ల కౌలుదారు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం అతనికిచ్చే ఒప్పందం పదకొండు నెలలది. మామిడి కాపుకు రావడానికి నాలుగైదేళ్లు, చింతకు అంతకన్నా ఎక్కువ. కౌలుదారు చెట్టు నాటితే భూమి మీద హక్కు అడుగుతాడేమోనని పట్టాదారుకు భయం, నాటినా ఫలం దక్కదని కౌలుదారుకు తెలుసు. ఆ చేనులోకి ఎన్ని మొక్కలు పంపినా ఒక్కటీ బతకదు. భూమి హక్కు నుంచి చెట్టు హక్కును వేరు చేయడం మన రెవెన్యూ వ్యవస్థకు కొత్త కాదు. మద్రాసు రాష్ట్రం నాటి '2-సి పట్టా' పోరంబోకులో చెట్లు పెంచినవాడికి నేల మీద కాకుండా చెట్టు ఫలసాయం మీద హక్కు రాసిచ్చేది. కౌలు చేలకూ అలాంటి కాగితం ఒకటి ఇవ్వాలి. నాటినవాడి పేరు, చెట్టు పేరు, ఎన్నేళ్లు, ఫలంలో ఎవరికెంత, కౌలుదారు వెళ్లిపోతే పట్టాదారు చెల్లించాల్సింది ఎంత అన్నవి అందులో రాయాలి. పట్టాదారు భయం తీరడానికి, ఈ కాగితం వల్ల భూమి మీద ఏ హక్కూ రాదన్న వాక్యాన్ని మొదటి పంక్తిలోనే పెట్టాలి.