స్ప్రే గన్ కొనే ముందు

రమజాన్ సమీపించినప్పుడు, ఇంట్లో నికాహ్ నిశ్చయమైనప్పుడు గోడలకు, గేట్లకు కొత్త రంగు వేయించాలని ప్రతి కుటుంబమూ తలపోస్తుంది. పెయింటర్ల కూలి భారమైన ఈ రోజుల్లో చవకైన స్ప్రే గన్ ఒకటి కొని స్వయంగా రంగు వేసుకోవచ్చా అని పాఠకులు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. నిస్సందేహంగా వేసుకోవచ్చు. అయితే ఏది చవక అన్నది వస్తువు ధరను బట్టి మాత్రమే తేలే విషయం కాదు.

మొదట పని ఏమిటో నిర్ణయించుకోవాలి. కిటికీ గ్రిల్లులు, ఇనుప గేట్లు, పేము కుర్చీలు, బీరువాలు వంటి వాటికి స్ప్రే గన్ ఎంతో ఉపయోగకరం. కుంచె అందని సందుల్లోకి అది సులభంగా చేరుతుంది. చదునైన గోడలకు మాత్రం రోలరే మేలు. గన్ నుంచి వెలువడే రంగులో కొంత భాగం గాలిలోనే కలిసిపోతుంది. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయరాదని బోధించిన ప్రవక్త (సఅసం) అనుచర సమాజం ఈ నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కంప్రెషర్‌తో నడిచే గన్ ధర తక్కువే, కాని కంప్రెషర్‌కు అంతకు ఎన్నో రెట్లు వెచ్చించవలసి వస్తుంది. అది వృత్తిదారులకు తగినది. ఇంటి అవసరాలకు చేతిలో ఇమిడే విద్యుత్ గన్ చాలు. వీటిలో హెచ్‌వీఎల్‌పీ రకం తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలిని పంపుతుంది గనుక రంగు చెదరడం కొంత తగ్గుతుంది. కొనేటప్పుడు మూడు విషయాలు అడగండి: పలుచని ఎనామెల్‌కు, చిక్కని ఎమల్షన్‌కు వేర్వేరు నాజిళ్లు ఉన్నాయా? రంగు చిక్కదనం కొలిచే చిన్న కప్పు ఇస్తారా? విడిభాగాలు ఆ దుకాణంలోనే దొరుకుతాయా? మూడవ ప్రశ్నకు జవాబు లేని గన్ ఎంత చవకైనా కొనకండి.

ఇతరులకు హాని తలపెట్టరాదన్నది షరీఅత్ మూలసూత్రాలలో ఒకటి. గాలి వీచే రోజున ఆరుబయట రంగు కొడితే ఆ తుంపరలు పొరుగువారి దుస్తులపై, వాహనాలపై పడతాయి. ముందుగా వారికి తెలియజేయడం వారి హక్కు. థిన్నర్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది గనుక సమీపంలో పొయ్యి, బీడీ ఉండరాదు. మీ గన్ ఎనామెల్ వంటి రంగులకు పనికివస్తుందో లేదో తయారీదారు ఇచ్చిన పత్రంలో చూడండి. గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపలేదు, అందుకు ఫిల్టరు గల మాస్కు అవసరం. గృహోపయోగ రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1న అమలులోకి వచ్చింది. అంతకు పూర్వపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది గనుక పాత రంగును పొడిగా గీకక తడిపి గీకాలి. పిల్లలను, గర్భవతులను దూరంగా ఉంచాలి.

ఇక అసలు విషయం. ఏడాదికి రెండు రోజులు వాడే వస్తువు ప్రతి ఇంటా ఎందుకు? నిత్యావసర వస్తువులను ఇతరులకు ఇవ్వడానికి నిరాకరించేవారిని మాఊన్ సూరా చివరి ఆయతు మందలించింది. నాలుగైదు కుటుంబాలు కలిసి నాణ్యమైన గన్ ఒకటి కొనుక్కుంటే ఖర్చు పంచుకోవచ్చు. లేదా ఒకరు కొని మిగిలినవారికి ఆరియత్‌గా, అంటే వాడుకొని తిరిగి ఇచ్చే షరతుపై, ఇవ్వవచ్చు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అలా తీసుకున్న వస్తువు అమానతు. నిర్లక్ష్యం వల్ల అది పాడైతే తీసుకున్నవారే పరిహారం చెల్లించాలి. స్ప్రే గన్ విషయంలో ఆ నిర్లక్ష్యం ఏమిటో స్పష్టమే: కడగకపోవడం. నాజిల్‌లో రంగు ఎండిపోతే గన్ మూలపడినట్టే. పని ముగిసిన వెంటనే, కాఫీ తాగడానికి కూర్చోక ముందే, నాజిల్, సూది విప్పి ఎమల్షన్ అయితే నీటితో, ఎనామెల్ అయితే టర్పెంటైన్‌తో కడిగి, ఆరబెట్టి అప్పగించాలి. వాడిన టర్పెంటైన్‌ను కాలువలో పోయరాదు.

పది ఇళ్లకు పనికివచ్చి పదేళ్లు నిలిచే గన్నే నిజంగా చవకైనది. మన సంపాదనలో శుభాన్ని, పొరుగువారి మధ్య ప్రేమను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.