ఆన్‌లైన్ పాఠం అందరికీ అందాలి: తెలుగు బోధకులకు, ప్రచురణకర్తలకు విజ్ఞప్తి

ఆన్‌లైన్ చదువు వల్ల అందరికంటే ఎక్కువ మేలు జరగాల్సింది వికలాంగ విద్యార్థులకే. క్లాసుకు వెళ్లడానికి తోడు అక్కర్లేదు, మెట్లు ఎక్కనక్కర్లేదు, పుస్తకం చదివి వినిపించే మనిషి కోసం కాచుకు కూర్చోనక్కర్లేదు. ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్లు తెర మీది అక్షరాలను చదివి వినిపిస్తాయి. రెండూ ఉచితం, రెండింటిలోనూ తెలుగు పలుకుతుంది. అయినా టెట్‌కో, డీఎస్సీకో, గ్రూప్స్‌కో తెలుగు మాధ్యమంలో చదివే అంధ అభ్యర్థికి చేతికందిన మెటీరియల్‌లో చాలా భాగం ఇంకొకరు చదివి పెడితే తప్ప అందదు. లోపం చూపులో కాదు, పాఠాన్ని తయారుచేసిన తీరులో ఉంది. 2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులను లెక్కించింది. చట్టం గుర్తించిన వైకల్యాలు ఆ తర్వాత ఏడు నుంచి ఇరవై ఒకటికి పెరిగాయి. అంటే పాఠం అందాల్సినవారు ఆ లెక్క కంటే ఎక్కువే.

తెలుగు మెటీరియల్‌కు ప్రత్యేకంగా పట్టిన చిక్కు ఫాంట్లది. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న అను వంటి ఫాంట్లతో కొట్టిన పేజీ చూడడానికి చక్కని తెలుగే. ఫైలు లోపల మాత్రం ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. వాటికి తెలుగు ఆకారాలు తొడిగారంతే. స్క్రీన్ రీడర్‌కు ఆకారంతో పని లేదు. లోపలి సంకేతాన్నే అది చదువుతుంది కాబట్టి ‘భారత రాజ్యాంగం’ అన్న శీర్షిక దగ్గర పొంతన లేని ఇంగ్లిషు అక్షరాలు వినిపిస్తాయి. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటి నుంచి మామూలు కంప్యూటర్లలోనూ అది పనిచేస్తోంది. అచ్చు పుస్తకం కోసం పాత ఫాంటు వాడక తప్పదనుకున్నా, విద్యార్థికి పంపే ఫైలులో అది ఉండకూడదు. నోట్సును ఫోన్‌తో ఫోటోలు తీసి, పీడీఎఫ్ చేసి గ్రూపులో పెట్టడం ఇంకా నష్టం. అందులో బొమ్మ తప్ప అక్షరమే ఉండదు. బొమ్మలోంచి అక్షరాలను రాబట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, చేతిరాత దగ్గర, వత్తుల దగ్గర అవి తరచుగా తడబడతాయి.

ఫైలు ఏ రకందో తెలుసుకోవడానికి నిపుణులు అక్కర్లేదు. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే చాలు. తెలుగు వస్తే ఫైలు పనికొస్తుంది. పిచ్చి గుర్తులు వచ్చినా, అసలు కాపీయే కాకపోయినా అంధ విద్యార్థికి దానివల్ల ఉపయోగం లేదు. యూనికోడ్‌లో కొట్టిన పీడీఎఫ్‌లో కూడా ఒక్కోసారి వత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. అందుకని పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైలో, ఈపబ్ ఫైలో కూడా పెట్టడం మేలు. శీర్షికలను అక్షరాల సైజు పెంచి వదిలేయకుండా హెడింగ్ స్టైల్‌తో పెడితే, రెండొందల పేజీల పుస్తకంలో కావలసిన అధ్యాయానికి విద్యార్థి నేరుగా వెళ్లగలుగుతాడు.

వీడియో పాఠంలో అసలు మార్పు రావలసింది మాటలో. ‘దీన్ని అటు పంపిస్తే ఇది మైనస్ అవుతుంది, ఇదీ ఇదీ కొట్టేస్తే ఇంత వస్తుంది’ అని లెక్కల మాస్టారు బోర్డు మీద వేలు పెట్టి చెబుతారు. చూస్తున్నవారికి బాగానే అర్థమవుతుంది. చూపులేని విద్యార్థికి ఆ వాక్యంలో ఒక్క అంకె కూడా అందదు. ‘3ఎక్స్ ప్లస్ 5 ఈక్వల్ టు 20. 5ను కుడివైపుకు పంపితే 3ఎక్స్ ఈక్వల్ టు 15. రెండువైపులా 3తో భాగిస్తే ఎక్స్ విలువ 5’ అని చెబితే పాఠమంతా చెవికి అందుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, అదనంగా పట్టేది కొన్ని సెకన్లే. బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినే విద్యార్థికీ ఇదే నచ్చుతుంది.

పటాలకు ‘పటం 4’ అన్న పేరు సరిపోదు. గోదావరి పటం ఉంటే, అది త్ర్యంబకేశ్వర్ దగ్గర పుట్టి బంగాళాఖాతంలో కలుస్తుందనీ, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఎడమవైపు నుంచి, మంజీర కుడివైపు నుంచి వచ్చి కలుస్తాయనీ పటానికి జతచేసే వివరణలో రాయాలి. పరీక్షలో పటం నుంచి ఏమి అడుగుతారో ఆ వివరణలో అది ఉండాలి, అంతే. సమీకరణాలను బొమ్మలుగా అతికించకుండా, గణితాన్ని అక్షరాల రూపంలో రాసే మ్యాథ్‌ఎంఎల్‌లో పెడితే స్క్రీన్ రీడర్ వాటినీ చదువుతుంది.

వినికిడి లేనివారి సంగతికి వస్తే, సబ్‌టైటిళ్లను యంత్రానికి వదిలేసి ఊరుకోవడం ప్రమాదం. తెలుగు పాఠంలో సగం ఇంగ్లిషు పదాలే దొర్లుతాయి. అక్కడే యంత్రం తప్పు రాస్తుంది. ఒక్క ‘కాదు’ జారిపోతే అర్థం తలకిందులవుతుంది. యంత్రం రాసినదాన్ని మనిషి ఒకసారి దిద్దాలి. బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదవుల కదలికను బట్టి గ్రహించేవారికి పాఠం అక్కడే తెగిపోతుంది. పుట్టుకతో వినికిడి లేని చాలామందికి సైగల భాషే మాతృభాష వంటిది, రాత తెలుగు ఆ తర్వాత నేర్చుకున్నది. కాబట్టి సబ్‌టైటిళ్లతోనే బాధ్యత తీరిపోదు. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం పది వేల పదాల నిఘంటువు తయారుచేసింది. పెద్ద కోచింగ్ సంస్థలు సైగల అనువాదకులను పెట్టుకోవడం ఈపాటికి మొదలుకావలసింది.

మాక్ టెస్టుల్లో గడియారమే మొదటి అడ్డంకి. జవాబులు రాసిపెట్టే స్క్రైబ్ సాయంతో పరీక్ష రాసేవారికి గంటకు కనీసం 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. సాధన చేసే సైటులో ఆ వీలు లేకపోతే అసలు పరీక్షకు అలవాటు పడేదెక్కడ? బటన్లకు పేర్లు పెట్టకపోతే స్క్రీన్ రీడర్ ‘బటన్, బటన్, బటన్’ అంటుంది గానీ ఏది ‘సబ్మిట్’, ఏది ‘తర్వాతి ప్రశ్న’ అన్నది చెప్పదు. మౌస్‌తో లాగి జతపరిచే ప్రశ్నలు చేతులు సరిగా కదలనివారికి సాధ్యం కావు, కీబోర్డుతోనూ జవాబివ్వగలగాలి. ఒప్పుకు ఆకుపచ్చ, తప్పుకు ఎరుపు మాత్రమే చూపితే వర్ణాంధత్వం ఉన్నవారికి తేడా తెలియదు, పక్కన మాట కూడా ఉండాలి.

ఇదంతా దయతో చేసే పని కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ ప్రభుత్వ సేవలతో పాటు ప్రైవేటు సేవలకూ వర్తిస్తుంది. అందుబాటు ప్రమాణాలను ప్రభుత్వం తప్పనిసరి చేయాలని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను సిద్ధం చేసింది హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం. డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవన హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న కోర్టు మరో తీర్పులో తేల్చింది. పుస్తకాన్ని వికలాంగులు చదవగలిగే రూపంలోకి మార్చడానికి కాపీరైట్ చట్టం 2012 సవరణతో వీలు కల్పించింది. ప్రచురణకర్త ఒప్పుకోరేమోనన్న సంకోచం ఉపాధ్యాయులకు అక్కర్లేదు.

పాత పాఠాలన్నీ ఒక్కసారిగా సరిచేయడం ఎవరివల్లా కాదు. కొత్తగా పెట్టేవాటిని సరిగ్గా పెట్టడం, పాతవాటిలో విద్యార్థులు ఎక్కువగా వాడేవాటితో మొదలుపెట్టడం అందరికీ సాధ్యమే. యాప్ విడుదలకు ముందు అంధ, బధిర విద్యార్థుల చేత వాడించి చూడాలి. ఆ పనికి వారికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. పాఠం అందని విద్యార్థులు, వారి తల్లిదండ్రులు ఏ పేజీలో, ఏ బటన్ దగ్గర ఆగిపోయారో సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలుగులో బోధించే ఉపాధ్యాయులు, కోచింగ్ సంస్థలు, ప్రచురణకర్తలు ఈ వారం విద్యార్థులకు పంపబోయే ఫైలులోంచి ఒక వాక్యం కాపీ చేసి చూడవలసిందిగా, అది తెలుగులో రాకపోతే సరిచేశాకే పంపవలసిందిగా విజ్ఞప్తి.