పీప్లీ లైవ్‌లో హోరీని మర్చిపోవద్దు

2010లో వచ్చిన హిందీ సినిమా 'పీప్లీ లైవ్' వీలైతే చూడండి. బ్యాంకు అప్పుకి పొలం పోయేలా ఉందని, చస్తే పరిహారమైనా వస్తుందని నత్థా అనే రైతు చావడానికి ఒప్పుకుంటాడు. అక్కడే ఉపఎన్నిక. ఇంకేముంది, నాయకులు, టీవీలోళ్లు ఇంటి మీద వాలిపోతారు.

విమర్శకులు మెచ్చుకున్నారు, మన దేశం తరఫున ఆస్కార్‌కీ పంపారు. విదర్భ రైతులు మాత్రం మేం పరిహారం కోసం చస్తున్నామా అని మండిపడ్డారు. వాళ్ల కోపం న్యాయమే. కానీ అదే సినిమాలో హోరీ మహతో ఉన్నాడు. మట్టి తవ్వి అమ్ముకుంటూ ఆ గుంతలోనే ప్రాణం వదిలాడు. పెద్ద ఛానెళ్లకి ఆయన వార్తే కాదు. నన్నడిగితే అసలు కథ ఆయనదే.

ఓట్లకి పనికొచ్చే చావుకే లెక్క. కష్టంలో అరిగిపోయే ప్రాణానికి లెక్కే లేదు. అందుకే ఓట్లకొచ్చినోళ్లని పరిహారం కాదు, గిట్టుబాటు ధర అడగండి.